పెళ్ళిపూలు దాచుకోవడం మనకు కొత్తనా?



మొన్నటి పెళ్ళిళ్ళ సీజన్‌లో మన పద్మనగర్‌లో రెండు మూడు ఇళ్ళల్లో ఒకటే లొల్లి విన్నాను. పెళ్ళిలో వేసుకున్న దండలను రెసిన్‌లో పోయించి ఫ్రేమ్ కట్టించుకుంటామని పిల్లల పట్టు. వాడిపోయిన పూలు ఇంట్లో ఉంచుకోకూడదు, అది నిర్మాల్యం, నీళ్ళలో కలిపి రావాలని పెద్దల మాట. గోడ మీద దండ కనబడితే ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుంటారని ఒక అమ్మమ్మ బాధ. ఒక ఇంట్లోనైతే ఈ విషయం మీదనే వియ్యపురాళ్ళ మధ్య మాట పట్టింపు దాకా పోయింది. వరమాలను ఫ్రేమ్ చేయించడం ఇప్పుడు ముంబై, పుణె అంతటా నడుస్తున్న ముచ్చటే. మన పిల్లలు ఫోన్లలో రోజూ చూస్తున్నారు కాబట్టి అడగడంలో వింత లేదు.

పెద్దలది ఆచారం, పిల్లలది ఫ్యాషన్ అని చెప్పి సర్దేయడం నాకు నచ్చలేదు. మనవాళ్ళు పెళ్ళి గుర్తులను దాచుకున్నారు, చాలా భద్రంగా దాచుకున్నారు. పచ్చి పూలను మాత్రం దాచలేదు. ఏది ఉంచాలి, ఏది నీళ్ళలో వదలాలి అన్నదానికి వాళ్ళకు ఒక లెక్క ఉండేది. ఆ లెక్క తెలిసిన తరం మన కళ్ళముందే వెళ్ళిపోతోంది. అందుకే ఈసారి కొంచెం పెద్దగానే రాస్తున్నాను, తీరిక చేసుకొని చదవండి.

ముందు పెద్దల మాట తీసుకుందాం. దేవుడికి పెట్టిన పువ్వైనా, పెళ్ళిలో మెడలో పడ్డ దండైనా, పని అయిపోయాక తొక్కుడు పడకుండా నీళ్ళలో కలపాలి. పద్మనగర్ వాళ్ళకు ఆ నీళ్ళంటే వరాలదేవి చెరువే. ఇప్పుడు చెరువులో వేయకుండా నిర్మాల్య కలశాల్లో వేయమంటున్నారు, మంచిదే. ఈ ఆచారంలో భక్తి ఎంత ఉందో, వాతావరణం తెలిసిన తెలివి కూడా అంతే ఉందని నా అభిప్రాయం. మన ముహూర్తాలు ఎక్కువగా మాఘం నుంచి జ్యేష్ఠం లోపల పడతాయి. జూన్‌లో వాన మొదలైతే భివండీలో సెప్టెంబరు దాకా గోడలు ఆరవు, అలమారాలో బట్టలకే బూజు వాసన వస్తుంది. ఆ తేమలో దండను దాస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మగ్గం పని తెలిసినవాళ్ళకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. నూలు పోగు తేమ పడితే గట్టిపడుతుంది, గాలి పొడిగా ఉంటే పడుగు తెగుతుంది. మన పూర్వీకులను పోషించిన ఆ తేమే పువ్వుకు శత్రువు.

పొడి దేశంలో కథ వేరు. ఈజిప్టులో దైర్ ఎల్ బహరీ అనే చోట 1881లో రాజుల మమ్మీలు ఒకే గుహలో గుంపుగా బయటపడ్డాయి. వాటిలో రెండవ రామెసెస్ చక్రవర్తి శవం మీద కలువ రేకులతో, ఆకులతో కట్టిన దండలు ఉన్నాయి. మూడు వేల ఏళ్ళ నాటి ఆ దండలను ష్వైన్‌ఫుర్త్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త విప్పి చూసి, ఏ ఆకు, ఏ రేకు అన్నది గుర్తుపట్టగలిగాడు. తూతన్‌ఖామున్ అంత్యక్రియలకు సంబంధించిన పూల కంఠాభరణాలు 1907లో ఒక గోతిలో మట్టికుండల్లో దొరికితే, 1909లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరాయి, ఇప్పటికీ ఉన్నాయి. అందులో గొప్ప రసాయనమేమీ లేదు. ఎడారి గాలి, చీకటి, కదిలించే చెయ్యి లేకపోవడం, ఈ మూడే కాపాడాయి. ఈ మూడింటిలో ఒక్కటి కూడా పద్మనగర్ చాలీలో దొరకదు!

మరి మనవాళ్ళు ఏం చేశారు? తడి లేని పువ్వును తయారుచేసుకున్నారు. అదే బాసింగం.

బాసింగం అనగానే ఈతరం పిల్లలకు బజారులో దొరికే ముత్యాలు, చెమ్కీ అతికించిన అట్టముక్క గుర్తొస్తుంది. అసలుది జీలుగు బెండుతో చేసేవాళ్ళు. జీలుగు నీళ్ళు నిలిచే మడుగుల్లో, చెరువు అంచుల్లో పెరిగే మొక్క. కాడ లోపల తెల్లగా, మెత్తగా, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియని బెండు ఉంటుంది. దాన్ని పదునైన కత్తితో పలుచని పొరలుగా కోసి, చుట్టి, కత్తిరించి పువ్వులు చేస్తారు. పువ్వులాగా కనబడుతుంది కానీ అందులో రసం లేదు, కుళ్ళేది లేదు. ఇది మన ఒక్కరి తెలివి కాదు. బెంగాలీ పెళ్ళికొడుకు తలమీద పెట్టుకునే తోపోర్ అనే తెల్లటి కిరీటం కూడా ఇలాంటి బెండుతోనే చేస్తారు, వాళ్ళు షోలా అంటారు. ఇంగ్లీషు దొరలు ఎండకు పెట్టుకున్న సోలా టోపీకి ఆ పేరు దీన్నుంచే వచ్చింది. మన మరాఠీ ఇరుగుపొరుగు నుదుట కట్టుకునే ముండావళ్యా కూడా బాసింగానికి అక్కచెల్లెలే. ఆ పేరు మన చెవికి ఎలా వినబడినా, అది ముత్యాల సరాలతోనో పూల సరాలతోనో చేసే శుభవస్తువు. మా ఇంటికి కొత్తగా వచ్చిన మరదలు ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మొహం ఎలా పెట్టిందో నేను రాయను, ఊహించుకోండి.

మా ఇళ్ళల్లో పదహారు రోజుల పండుగ దాకా బాసింగం, కంకణం దేవుడి దగ్గర ఉండేవి. తర్వాత కంకణం తీసి చెట్టుకు కట్టేవాళ్ళు, దండలు నీళ్ళలోకి పోయేవి. బాసింగం మాత్రం ఇంట్లోనే ఉండేది. ఒక్కో ఇంటి పద్ధతి ఒక్కోలా ఉంటుంది, మీ ఇంట్లో వేరేగా ఉంటే కింద రాయండి.

పువ్వుకూ మనకూ ఉన్న సంబంధం ఇంకా పాతది. మన కులం పేరే పద్మంతో మొదలవుతుంది. మార్కండేయుడి వంశంలో పుట్టిన భావనారుషి తామరతూడు నారతో బట్ట నేసి దేవతలకు ఇచ్చాడని, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్ళాడాడని కూనపులివాళ్ళు పటం పరిచి రాత్రంతా చెప్పేవాళ్ళు. చేర్యాల పటం అని ఇప్పుడు డ్రాయింగ్ రూముల్లో వేలాడదీస్తున్న బొమ్మల పుట్టుక అలాంటి కథల కోసమే. ఆ తామరనార బట్ట ఉత్త పురాణమనుకునేవాడిని. బర్మాలోని ఇన్‌లే సరస్సు దగ్గర ఆడవాళ్ళు తామరకాడను విరిచి, సాగదీసి, బయటికి వచ్చే సన్నని దారాలను చేత్తో కలిపి నిజంగానే బట్ట నేస్తారు. విరిచిన కాడ నుంచి వెంటనే దారం లాగాలి, ఎండితే రాదు. ఒక్క కండువాకు వేల కాడలు కావాలి. వాడిపోయే పువ్వు నుంచి వాడని దాన్ని తీయడమంటే ఇదే కదా అని ఆ వీడియో చూసినప్పుడు అనుకున్నాను.

ఇక భివండీకి వద్దాం. ఇక్కడ మొదట చేమగ్గాలు నడిపినవాళ్ళు ఎక్కువగా ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్ళు. 1930లలో పవర్‌లూమ్‌లు మొదలయ్యాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మెదక్ వైపు చేమగ్గం కూడు పెట్టని రోజుల్లో మనవాళ్ళు షోలాపూర్, ముంబై, భివండీ, సూరత్ దారి పట్టారు. 1982 జనవరిలో ముంబై మిల్లుల సమ్మె మొదలై, మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. ఆ పని చాలావరకు భివండీ మగ్గాల మీదకు వచ్చి పడింది, దాంతో మన జనం ఇంకా పెరిగారు. మొదట మగవాళ్ళు ఒక్కరే వచ్చారు. భిస్సీలో తిని, షిఫ్టు దిగినవాడు లేస్తే ఎక్కినవాడు పడుకునే గదుల్లో కాలం గడిపారు. పెళ్ళి ఊళ్ళో అయ్యేది. పెళ్ళాం తర్వాత ఎప్పుడో, గది దొరికాక, ఒక ట్రంకుపెట్టెతో వచ్చేది.

ఆ ట్రంకుపెట్టె గురించి ఎవరూ రాయలేదు. నాకు తెలిసింది మా నాయనమ్మ పెట్టె. పది అడుగుల గదిలో ఆరుగురు ఉండేచోట ఒక మనిషికి సొంతంగా దక్కే జాగా ఆ పెట్టె ఒక్కటే. అందులో అడుగున మధుపర్కం, దాని మడతలో బాసింగం, ఒక పసుపుకొమ్ము, మూటకట్టిన తలంబ్రాల బియ్యం పిడికెడు. ఇంతే. మధుపర్కం అంటే నిజానికి పెళ్ళికొడుకుకు ఇచ్చే తేనె, పెరుగు. ఆ వేళకు ఇచ్చే బట్టకు ఆ పేరు అంటుకుంది. తెల్లటి నూలు, సన్నని ఎర్రంచు, పసుపులో తడిపింది. ఊళ్ళో మనవాళ్ళే నేసింది. పసుపు ఉన్నందుకో, ఏడాదికోసారి దసరాకు ఎండలో వేసినందుకో పురుగు ముట్టలేదు. పూలు ఎందుకు దాచలేదని చిన్నప్పుడు అడిగితే, "పూలు దేవునియి బిడ్డా, బాసింగం మనది" అన్నది. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు చూస్తే ఆమె లెక్క అందులోనే ఉంది. కుళ్ళేది నీళ్ళకు, నిలిచేది పెట్టెకు.

ఆ పెట్టెలోని వస్తువులకు విలువ ఏమిటంటే, చాలామందికి పెళ్ళి ఫోటో లేదు. రిజిస్ట్రేషన్ మాట అసలే లేదు. ఊరు నాలుగైదు వందల మైళ్ళ దూరం. పెళ్ళి అయిందనడానికి మెడలో పుస్తె, పెట్టెలో మధుపర్కం. మొగుడితో పోట్లాట అయిన రోజు పెట్టె తెరిచి చూసుకొని మూసేదట, ఇది మా అత్తయ్య చెప్పిన మాట. నాయనమ్మ పోయిన రోజు ఆ మధుపర్కం ఆమె మీదనే కప్పారు. పెట్టెలో బాసింగం మిగిలింది.

2005 జూలై 26 భివండీవాళ్ళకు చెప్పనవసరం లేదు. కామవారి నది పొంగి కింది అంతస్తులు నీళ్ళలో మునిగిన ఇళ్ళల్లో ఇలాంటి పెట్టెలు ఎన్ని నానిపోయాయో లెక్క ఎవరు రాశారు? మగ్గాలకు, బీములకు, తాకాలకు నష్టం లెక్క కట్టారు. మా పెట్టె కూడా తడిసింది. బట్టలు ఉతికి ఆరేస్తే బతికాయి. బెండు బాసింగం నీళ్ళను పీల్చి ఉబ్బి, ఆరాక వంకరపోయింది. సగం పువ్వులు ఊడిపోయాయి. మిగిలిన సగం ఇప్పటికీ ఉంది. తడి తగలనంత వరకే బెండుకు ఆయుష్షు అని అప్పుడు తెలిసింది.

పచ్చి పువ్వును ఎండబెట్టి దాచడం ఇంకో తోవ, అది వేరే అవసరం కోసం పుట్టింది. ఇటలీలోని పీసాలో లూకా గినీ అనే వైద్య ఆచార్యుడు 1540లలో మొక్కలను కాగితాల మధ్య నొక్కి, ఎండబెట్టి, అతికించి విద్యార్థులకు చూపేవాడు. చలికాలంలో తోటలో పువ్వు ఉండదు కదా, అందుకని. ఆ పద్ధతి మన నేలకూ వచ్చింది. విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ డాక్టరు 1781 నుంచి సామర్లకోటలో ఉండి తెలుగుదేశపు మొక్కలను పోగుచేసి, దేశీ చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1795లో మొదలైన అతని కోరమాండల్ మొక్కల పుస్తకంలో మన తెలుగు పేర్లు కూడా ఎక్కాయి. అతను మొదట్లో పోగుచేసిన సరుకు ఒక ఉప్పెనలో కొట్టుకుపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. నీళ్ళ దెబ్బ తిన్నది మనమొక్కరమే కాదన్నమాట.

కాబట్టి పిల్లలు అడుగుతున్నదాంట్లో దోషం లేదు. కానీ దండ మొత్తాన్ని అలాగే తీసుకెళ్ళి రెసిన్‌లో పోయిస్తే అయిపోతుందనుకుంటే మాత్రం వేల రూపాయలు పోసి బూజును కొనుక్కున్నట్టే. చేయదలచుకున్నవాళ్ళకు నేను నేర్చుకున్నది చెబుతాను.

దండ కట్టించేటప్పుడే ఆలోచించాలి. మల్లె, లిల్లీ ఎంత జాగ్రత్త చేసినా గోధుమరంగుకు తిరుగుతాయి. వాటిని దేవుడికి వదిలేయండి. ఎర్ర గులాబీ నల్లబడుతుంది, అయినా ఆకారం నిలుస్తుంది. బంతి రంగు బాగా నిలుస్తుంది, రేకులు మాత్రం రాలతాయి. అసలు నిలిచే పూలు మన బతుకమ్మలోనే ఉన్నాయి! గునుగు, బొగడబంతి, సీతజడ, వీటికి పుట్టుకతోనే తడి తక్కువ, కాగితంలాగా ఉంటాయి. ఎండితే కూడా ఆకారం చెడదు. కళ్యాణ్ పూల మార్కెట్లో పొద్దున్నే వెళ్ళి అడిగితే బొగడబంతి, సీతజడ దొరుకుతాయి. గునుగు మాత్రం కాలం ఉన్నప్పుడే. దండలో నాలుగు చోట్ల వీటిని కట్టించుకుంటే దాచుకోవడానికి అవే చాలు.

దండ తీసిన రోజే పని మొదలుపెట్టాలి. అప్పగింతలు, రిసెప్షన్ అయ్యాక చూద్దాంలే అంటే మూడో రోజుకు లోపలి నుంచి కుళ్ళు మొదలవుతుంది. దండంతా ఉంచనక్కర్లేదు, పది మంచి పూలు తుంచుకుంటే చాలు. రేకులు, పలుచని పూలు అయితే పాత పేపర్ల మధ్య పరిచి పైన బరువు పెట్టండి. బరువుకు మనకేం తక్కువ, రెండు తాకాలు పెడితే సరి. మొదటి నాలుగైదు రోజులు పేపరు రోజూ మార్చాలి, ఇది మరిచిపోతే మిగతా కష్టమంతా వృథా. రెండు మూడు వారాల్లో ఆరుతాయి. నిండు పువ్వు కావాలంటే సిలికా జెల్‌లో పూడ్చాలి. కొత్త చెప్పుల డబ్బాలో చిన్న పొట్లాలుగా వస్తుందే, అదే సరుకు, కిలోల్లో కూడా దొరుకుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విషవాయువు ముసుగుల్లో వాడిన వస్తువు ఇది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో వారం ఉంచితే చాలు. నీలం గింజలది కొనకండి, ఆ రంగు విషం, ఇంట్లో పిల్లలుంటారు. తెల్లవి తీసుకోండి.

తలంబ్రాల బియ్యంలో పూడ్చమని కొందరు చెబుతున్నారు. బియ్యం తడిని నెమ్మదిగా పీలుస్తుంది, మన వానాకాలంలో పువ్వు కంటే ముందు బియ్యానికే పురుగు పడుతుంది. వద్దు.

రెసిన్ సంగతి. పువ్వు పూర్తిగా, అంటే వేళ్ళ మధ్య నలిపితే గలగలమనేంత ఎండితేనే పోయాలి. పిసరంత తడి ఉన్నా లోపలే మగ్గి నల్లబడుతుంది, ఆ తర్వాత ఎవరూ బాగుచేయలేరు. నేరుగా ఎండ తగిలే గోడకు పెడితే ఒకటి రెండేళ్ళలో పసుపు తిరుగుతుంది. ఇంట్లో పోసేవాళ్ళు చేతులకు గ్లవ్స్ వేసుకొని కిటికీలు తెరిచి పోయండి, అది చర్మానికి, ఊపిరికి మంచిది కాదు. చేయించేవాళ్ళకు ఇస్తే, ఎండబెట్టడం ఎవరి పని, ఎన్ని రోజుల్లో, పాడైతే డబ్బులు తిరిగి ఇస్తారా లేదా ముందే రాయించుకోండి.

అమ్మమ్మల అభ్యంతరం సంగతి కూడా తేల్చుకోవచ్చు. దండ ఆకారంలో గోడకు వేలాడదీస్తేనే పోయినవాళ్ళ ఫోటో గుర్తొస్తుంది. పది పూలు, రెండు రేకులు, ఇద్దరి పేర్లు ఉన్న చిన్న పలక అలమారాలో ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. మిగతా దండ ఆచారం ప్రకారం నీళ్ళకో, కలశానికో పోతుంది. పైన చెప్పిన ఇళ్ళల్లో ఒకదానిలో ఇలాగే ఒప్పుకున్నారు. ఇంకో ఇంట్లో ఇంకా మాటల్లేవు.

నాకు పెద్ద దిగులు పూల మీద కాదు, బాసింగం మీద. ఈ ఏడాది నేను వెళ్ళిన పెళ్ళిళ్ళల్లో ఒక్కదానిలో కూడా బెండు బాసింగం కనబడలేదు. రెసిన్‌కు వేలు పెట్టే ఇంట్లోనే బాసింగం మాత్రం అట్టముక్కతో సరిపెట్టుకుంటున్నాం, దాన్ని మర్నాడే చెత్తలో వేస్తున్నాం. ఊరి నుంచి బెండు పనివాళ్ళతో చేయించి తెప్పించుకోవడం ఫ్రేమ్ ఖర్చుతో పోలిస్తే ఎంత?

ఒక పని చేద్దామనుకుంటున్నాను. మీ ఇళ్ళల్లో పాత బెండు బాసింగం, మధుపర్కం, కంకణం, పెళ్ళినాటి ట్రంకుపెట్టె ఏది ఉన్నా పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి పంపండి. ఎవరిది, ఏ ఊరిది, ఏ సంవత్సరం పెళ్ళి అన్నది ఒక్క వాక్యం రాయండి. పేరు బయట పెట్టవద్దంటే పెట్టను. బాసింగాన్ని తుడవకండి, నూనె రాయకండి, ప్లాస్టిక్ కవర్లో కట్టకండి, లోపల చెమ్మ పడుతుంది. ఉతికిన నూలుబట్టలో చుట్టి, స్టీలు డబ్బాలో, రెండు సిలికా పొట్లాలు వేసి, పై అరలో పెట్టండి. బెండు పని తెలిసిన పెద్దమనిషి ఎవరైనా మీ ఊళ్ళో ఇంకా ఉంటే ఆ సంగతి అన్నిటికంటే ముందు చెప్పండి. మా మేనకోడలి పెళ్ళి మాఘంలో ఉంది, మొదటి జత మేమే చేయించుకుంటాం.